ఊపిరి కుంగిన పనివారు

పాఠ్యభాగములు: నిర్గమకాండము 5వ అధ్యాయము, 6:1–9, 1 రాజులు 19:1–18, రూతు 2వ అధ్యాయము.



ఈ నెల పాఠమును చదువుటకు ముందు పైన చెప్పిన భాగములను మీ ఇండ్లలో ఒకసారి బిగ్గరగా చదువుకొనుడి. చదువురాని పెద్దలున్న ఇంట పిల్లలచేత చదివించుడి. పాఠము కొంచెము పొడవైనది గనుక స్త్రీల కూటములలో రెండు వారములుగా విభజించుకొనినను తప్పులేదు.

సంక్రాంతి దాటిన తరువాత ఆలూరు, హొళగుంద, హాలహర్వి, కోసిగి, కౌతాళము, పెద్దకడబూరు ప్రాంతములలోని గుడులలో ఆదివారమున ఎవరు కూర్చుండియున్నారో చూడుడి. ముందు వరుసలో ముసలివారు. వారి ఒడిలో చంటిపిల్లలు. ఒకరిద్దరు టీచర్లు, ఒక అంగన్‌వాడీ కార్యకర్త. పనిచేయగల వయస్సువారు సుగ్గికి పోయిరి. సుగ్గి అను మాట మనకు పొరుగున నున్న కన్నడమునుండి వచ్చినది. ఆ భాషలో దానికి పంటకోత కాలమని అర్థము, అది సంతోషపు మాట. మన పడమటి కర్నూలులో ఆ మాట వినినప్పుడు తల్లుల ముఖములు ఏలాగు మారునో మనకందరికి తెలియును. మన పంట చేతికి రాక, పరుల పంట కోయుటకు పోవుటయే మనకు సుగ్గి. తుంగభద్ర దిగువ కాలువ నీరు అందిన చేలు కొన్నియున్నను, మన భూములలో ఎక్కువ భాగము ఆకాశము వంక చూచునవియే. వాన తప్పిన యేట ఆదోని స్టేషనులోను, కోసిగి స్టేషనులోను మూటలతో, గిన్నెలతో, పిల్లలతో నిలిచియుండువారిని చూచిన వారికి ఇంకేమియు వివరింప నక్కరలేదు. కొందరు గుంటూరు వైపు మిరపచేలకు, కొందరు తెలంగాణములోని పత్తిచేలకు, కొందరు బెంగుళూరులో ఇండ్లు కట్టు పనికి పోవుదురు.

ఈ వలసనుగూర్చి రాజ్యము చేయవలసినవి అనేకములున్నవి. వాటిని పత్రికలు వ్రాయుచునే యున్నవి. ఈ పాఠములో మేము అడుగునది వేరు. పనిచేయువాని దేహము అలసినప్పుడు రాత్రి నిద్రపోయిన తీరును. అతని మనస్సు అలసినప్పుడు ఏమి జరుగును? పరిశుద్ధ గ్రంథము దానినిగూర్చి ఏమి చెప్పుచున్నది? సంఘముగా మనమేమి చేయుచున్నాము, ఏమి చేయకున్నాము?

ఇది కూలివారి ప్రశ్న మాత్రమే కాదు. ఆదోని జిన్నింగు మిల్లులలో దూది దుమ్ములో నిలుచు స్త్రీలకును, ఎమ్మిగనూరులో మగ్గపు గుంటలో కాళ్ళు పెట్టుకొని కూర్చుండు నేతగానికిని, ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేయు నర్సుకును, బెంగుళూరులో కంప్యూటరు ముందు కూర్చుండు మన సంఘపు పిల్లవానికిని ఇది చెందును. ఉద్యోగము దొరికినది గదా, ఇంకేమి దిగులు అని మనము వారితో అనుచుందుము. జీతమువలన ఆకలి తీరునేమో గాని దిగులు తీరునని ఎవరును వాగ్దానము చేయలేదు.

2019వ సంవత్సరమున ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల పట్టికను సవరించుచు, పనిచోట ఎడతెగక కలుగు ఒత్తిడివలన మనుష్యుడు లోపల కాలి బూడిదయగు స్థితిని అందులో చేర్చినది. దానిని రోగమని అనలేదు, పనివలన కలుగు స్థితియని చెప్పినది. దానికి మూడు గురుతులు చూపినది. ఒకటి, శక్తి అంతయు ఉడిగిపోవుట. రెండవది, చేయు పనిమీద మనస్సు విరిగి, దానిని దూరముగా, ద్వేషముగా చూచుట. మూడవది, నేను చేయునది ఏదియు ఫలింపదు అను భావము. ఈ మూడును బైబిలు ఎరిగిన వారికి క్రొత్తవి కావు. వీటిని ఐగుప్తులో చూచితిమి, బెయేర్షెబా అరణ్యములో చూచితిమి.

మొదట ఐగుప్తునకు పోవుదము.

నిర్గమకాండము 5వ అధ్యాయములో ఫరో ఇచ్చిన ఆజ్ఞను పల్లెవారు పట్టణమువారికంటె బాగుగా గ్రహింతురు. మట్టిలో గడ్డి కలిపి తొక్కినగాని గోడ నిలువదని మన తాతలకు తెలియును. గడ్డి లేని మట్టి ఎండకు బీటలు వారును. ఇటుకకును అంతే. ఇదివరకు గడ్డి రాజు ఇచ్చెడివాడు. ఇప్పుడు ఇయ్యడు. కూలివారే పోయి కొయ్యకాలు ఏరుకొనవలెను. అయితే ఇటుకల లెక్క మాత్రము ఒకటియు తగ్గదు. పనికి కావలసినదానిని తీసివేసి, పని లెక్కను మాత్రము అట్లే యుంచుట: ఇదియే ఫరో చేసినది. ఈ పద్ధతి ఐగుప్తుతో చావలేదు. మందులు లేని ఉపకేంద్రములో పనిచేయు నర్సును అడుగుడి, ముగ్గురి పని ఒక్కతే చేయుచున్న గుమాస్తాను అడుగుడి.

అంతటితో ఆగక ఫరో ఇంకొక మాట అనుచున్నాడు. వారు సోమరులు, అందుకే దేవుని ఆరాధించుటకు పోవలెనని మొరపెట్టుచున్నారు అనుచున్నాడు (5:8, 17). ఈ సంగతిని శ్రద్ధగా గమనింపుడి. బైబిలులో అలసిపోయిన పనివారిని సోమరులని పిలిచినవాడు ఫరో. దేవుడు కాదు. సామెతల గ్రంథములో సోమరినిగూర్చి చీమయొద్ద నేర్చుకొమ్మని చెప్పిన మాట మన ప్రసంగములలో తరచుగా వినబడును. అది పని ఉండి చేయనివానితో చెప్పిన మాట. తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి రొట్టెలు కాల్చుకొని, చీకటి పడువరకు వంగి మిరపకాయలు కోసి వచ్చిన స్త్రీ ప్రార్థన కూటములో కునుకు తీసినప్పుడు ఆ వచనమును ఎత్తువాడు ఎవరి నోటితో మాట్లాడుచున్నాడో ఆలోచించుకొనవలెను.

తరువాత మధ్యనున్నవారి సంగతి. ఇశ్రాయేలీయులలోనుండియే కొందరిని పనిమీద నాయకులుగా నియమించిరి. లెక్క తగ్గినప్పుడు దెబ్బలు తినినది వారే (5:14). వారు ఫరోయొద్దకు పోయి మొరపెట్టిరి. ఫరో వినలేదు. బయటికి వచ్చి మోషేను నిందించిరి. పైనుండి దెబ్బ, క్రిందనుండి నింద. మన గుంపు మేస్త్రీల స్థితి ఇది కాదా? మేస్త్రి రైతునొద్ద బయానా తీసికొని మనుష్యులకు పంచును. చేలో ఇద్దరు జ్వరముతో పండుకొన్న యెడల రైతు మేస్త్రిని అడుగును. కూలి ఆలస్యమైన యెడల కూలివారు మేస్త్రిని అడుగుదురు. మోసము చేయు మేస్త్రీలు లేరని మేము చెప్పము. అయితే మంచివాడైన మేస్త్రికి రాత్రులు నిద్రపట్టదను సంగతి కూడ సంఘము ఎరుగవలెను. ఆయన పేరును మన ప్రార్థన చీటీలలో ఎన్నడైన వ్రాసితిమా?

ఇప్పుడు ఈ పాఠమునకు మూలవచనమైన 6:9. దేవుడు మోషేద్వారా గొప్ప వాగ్దానములను పంపెను. నేను మిమ్మును విడిపించెదను, నా ప్రజలుగా చేసికొందును, దేశమునిచ్చెదను అను భావముగల మాటలవి. ఇంత మంచి వర్తమానమును ఎవరైన విందురు. వారు వినలేదు. ఎందుచేత? హృదయ కాఠిన్యముచేత కాదు, విగ్రహములవలన కాదు. మనస్సు నలిగిపోవుటచేతను, చాకిరీ కఠినమగుటచేతను వినలేకపోయిరని వ్రాయబడియున్నది. హెబ్రీ మూలములో ఆ నలిగిపోవుటకు వాడిన మాటలకు అక్షరార్థము ఊపిరి పొట్టిదగుట. ఆత్మకును ఊపిరికిని ఆ భాషలో ఒకటే మాట. ఊపిరాడనివాడు వాగ్దానము ఏలాగు వినును? నీటిలో మునుగుచున్నవానికి ఒడ్డుననుండి ప్రసంగము చేసినట్లుండును.

దేవుడు ఈ వినకపోవుటను వారిమీద పాపముగా మోపినట్లు ఆ అధ్యాయములో ఎక్కడను లేదు. అరణ్యములో, కడుపు నిండిన తరువాత, వారు సణిగినప్పుడు ఆయన కోపించెను. ఐగుప్తులో, ఇటుకల బట్టీలో, వారు చెవి యొగ్గకపోయినప్పుడు కోపింపలేదు. వారు నమ్మువరకు విడుదలను ఆపలేదు. మరల మోషేను ఫరోయొద్దకే పంపెను. అనగా మొదట బరువు దింపబూనెను. మేము ఎన్ని వ్యాఖ్యానములు చదివినను ఈ ఒక్క సంగతి మమ్మును విడిచిపెట్టుట లేదు. విశ్వాసము చాలదని మనము తీర్పుతీర్చిన మనుష్యులలో ఎందరు వాస్తవముగా ఊపిరి చాలనివారో!

ఏలీయా చరిత్ర మీకు తెలిసినదే గనుక కొన్ని సంగతులే చెప్పుదుము. కర్మెలు పర్వతముమీద అంతటి జయము పొందినవాడు, మరునాటికి యెజెబెలు బెదిరింపు వినగానే ప్రాణభయముతో పారిపోయెను. యూదాలోని బెయేర్షెబాలో దాసుని విడిచి, ఒంటరిగా అరణ్యములోనికి ఒక దినప్రయాణము పోయి, ఒక చెట్టుక్రింద కూర్చుండి చావు కోరుకొనెను. మన తెలుగు బైబిలులో ఆ చెట్టునకు బదరీవృక్షమని పేరు. బదరి యనగా రేగుచెట్టు గనుక మనవారు రేగుచెట్టునే తలంతురు. మూలములోనిది ఎడారిలో పెరుగు ఒక పొద, సన్నని పుల్లలు తప్ప ఆకు దట్టము లేనిది. హగరి ఒడ్డున మిట్టమధ్యాహ్నము తుమ్మకంప క్రింద దొరకు నీడ ఎంతయో దానికిని అంతే. అలసినవాడు అంత నీడకైనను ఒదిగెను.

దేవుడు అతనితో మొదట ఏమి మాట్లాడెను? మాట్లాడలేదు. నిద్రపోనిచ్చెను. దూత వచ్చి తట్టి లేపి, నిప్పులమీద కాల్చిన రొట్టెయు నీళ్ళును చూపెను. తినెను, త్రాగెను, మరల పండుకొనెను. దూత మరల వచ్చెను. రెండవసారియు రొట్టెయే. ప్రయాణము నీ శక్తికి మించినదని దూత ఒప్పుకొనెను (19:7). నీవు ప్రవక్తవు గదా, సిగ్గులేదా అనలేదు. నలువది దినముల తరువాత హోరేబులోగాని ప్రశ్న రాలేదు. ఆ ప్రశ్నకూడ, ఇక్కడ నీవేమి చేయుచున్నావు అను ఒక్కటే. ఏలీయా తన గోడంతయు చెప్పుకొనెను. దేవుడు విని, మరల అదే ప్రశ్న అడుగగా, అతడు అవే మాటలు మరల చెప్పెను. దుఃఖములో నున్నవాడు చెప్పినదే చెప్పునని మనకు విసుగు. దేవుడు రెండుసార్లు వినెను. తరువాత ఎలీషాను తోడుగా ఇచ్చి, నీవొక్కడివే కావు, ఏడువేలమంది యున్నారని తెలియజేసెను.

రొట్టె మొదట, మాట తరువాత. ఈ వరుస తప్పినప్పుడు ఏమగునో మన నేలకే అనుభవము కలదు. 1876–78 సంవత్సరముల ధాత కరువు కథలు మన ముత్తాతలు చెప్పెడివారు. అప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారి జిల్లాలో నుండెను (1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినప్పుడుగాని అవి మన వైపు రాలేదు). ఆ కరువు మిక్కిలి కఠినముగా తగిలిన జిల్లాలలో బళ్ళారి ఒకటి. ఆకలిగొన్నవారు సర్కారు కరువు పనులకు, రోడ్లకు, చెరువులకు, పోయి రాళ్ళు కొట్టి మట్టి మోసిరి. 1877 జనవరిలో రాజప్రతినిధి లిట్టను ప్రభువు పంపగా సర్ రిచర్డ్ టెంపుల్ అనువాడు వచ్చి, ఖర్చు తగ్గించుటకై పనిచేయు మగవాని కూలిని దినమునకు ఒక పౌను ధాన్యమునకును ఒక అణాకును దింపెను. పౌనుకు మన లెక్కలో సుమారు 450 గ్రాములు. దినమంతయు మట్టి మోయువానికది. మద్రాసు రాజధానిలో ఆరోగ్యశాఖాధికారిగా నున్న డాక్టరు కార్నిషు దానిని ఎదిరించి, ఈ తిండితో పనిచేయు దేహము నిలువదని వ్రాసి వ్రాసి వాదించెను. ఆ యేడే మద్రాసు ప్రభుత్వము కూలిని పెంచెను. అప్పటికే అనేకులు చనిపోయియుండిరి.

టెంపుల్ దొర క్రూరుడని చెప్పుటకు ఈ సంగతి ఎత్తలేదు. అతడు లెక్కలు చూచెను, కార్నిషు మనుష్యులను చూచెను. మనస్సు విషయములో నేడు మనలో అనేకులము టెంపుల్ దొరవలెనే లెక్క కట్టుచున్నాము. ఇంత చిన్న ఓదార్పుతో ఇంత పెద్ద బరువు మోయుమనుచున్నాము. కరచాలనము చేసి, ప్రార్థించుచున్నాములే అన్నా అని వెళ్ళిపోవుట ఒక పౌను ధాన్యమైనను కాదు.

ఇక రూతు గ్రంథము. ఇది వలసకూలి కథ అని మనవారికి వేరుగా చెప్పవలసిన పనిలేదు. కరువు, పరదేశము, మగదిక్కు లేని ఇద్దరు స్త్రీలు, పరుల చేలో పరిగె ఏరుకొనుట. నయోమి తిరిగివచ్చి, నన్ను మారా అని పిలువుడి, నా బ్రదుకు చేదైనది అని ఊరివారియెదుట చెప్పుకొనెను. పరిశుద్ధ గ్రంథము ఆమె నోరు నొక్కలేదు. సాక్ష్యములో జయమే చెప్పవలెనను మన అలవాటు నయోమికి లేదు.

రెండవ అధ్యాయములో బోయజు చేలోనికి వచ్చినప్పుడు మొదట కూలివారిని దీవించి పలుకరించెను. వారును బదులు దీవించిరి. యజమానుడు వచ్చుట చూచి ఆ చేలో ఎవరికిని గుండె దడ పుట్టలేదు. పనిచోటు మంచిదో చెడ్డదో తెలిసికొనుటకు ఇంతకంటె సులువైన గురుతు మాకు తెలియదు. తరువాత ఆయన పడుచువారితో, ఈమెను ముట్టవద్దని కట్టడ చేసెను (2:9). దాహమైనప్పుడు కుండలయొద్దకు పోయి త్రాగుమనెను. భోజనవేళ తన దగ్గరకు పిలిచి పేలాలు అందించెను, ఆమె తిని తృప్తిపొంది కొంత మిగిల్చెను. ఆమెను అవమానపరచవద్దు, గద్దింపవద్దు అని మరల పనివారితో చెప్పెను. చూడుడి, నీళ్ళు, తిండి, మానము, మాట నెమ్మది. ఈ నాలుగును ఉన్నచోట ఎండలోనైనను మనుష్యుడు నిలుచును.

ముట్టవద్దను ఆ కట్టడ విషయమై ఒక్క మాట. పరాయి ఊరి చేలో, టార్పాలిను పట్టాలక్రింద, తలుపులేని గుడిసెలో మన ఆడబిడ్డలు నెలలకొలది ఉందురు. వారు తిరిగివచ్చి చెప్పనిది చాల యుండును. పనిచోట స్త్రీలను లైంగికముగా వేధించుటను నిషేధించు చట్టము 2013లో వచ్చినది. అది ఆఫీసులకు మాత్రమే అని అనుకొందురు. కాదు. పొలముపని, ఇంటిపని చేయువారికిని అది చెల్లును. అట్టివారి ఫిర్యాదులు వినుటకు ప్రతి జిల్లాలోను ఒక స్థానిక కమిటీ యుండవలెనని ఆ చట్టమే చెప్పుచున్నది. ఈ సంగతి మన స్త్రీల సమాజములలో చదివి వినిపించుట వేదపాఠమునకు విరోధము కాదు. బోయజు చేసినదే అది.

కొందరు సహోదరులు అడుగుదురు: ఇవన్నియు యజమానులకు చెప్పవలసిన మాటలు గదా, కూలివాడు తన మనస్సును నిలుపుకొనుటకు ఏమి చేయవలెను? న్యాయమైన ప్రశ్న. మన రేగడి నేలను చూడుడి. వేసవిలో చేయి దూరునంత బీటలు వారును. తొలకరి తగలగానే మూసికొనును. అది బీటలు వారనందున మంచి నేల కాలేదు. పౌలు డేరాలు కుట్టి తన చేతులతో బ్రదికినవాడు (అపొ. కార్యములు 18:3). ఆయన ఆసియలో తమకు కలిగిన శ్రమనుగూర్చి వ్రాయుచు, శక్తికి మించి క్రుంగి బ్రదుకుమీద ఆశ వదలుకొంటిమని కొరింథీయులకు దాచకుండ తెలిపెను (2 కొరింథీయులకు 1:8). అపొస్తలుడు ఇది వ్రాసి సంఘములన్నిటిలో చదివించుకొనగా, మనము పక్కయింటివారికి తెలియునని కన్నీళ్ళు మ్రింగుచున్నాము. మొద్దుబారుట సహనము కాదు. పగలంతయు మాటలాడక, రాత్రి సీసా పట్టుకొని, బిడ్డలను కొట్టి పండుకొనువాడు ఓర్చుకొనుచున్నాడని ఊరివారు అందురు. వాడు ఓర్చుకొనుట లేదు, ఆరిపోవుచున్నాడు.

ఒక్కనిచేత కాని పనిని దేవుడు ఒక్కనిమీద పెట్టమనలేదు. మోషే ఉదయమునుండి సాయంకాలమువరకు ఒంటరిగా న్యాయము తీర్చుచుండగా అతని మామ యిత్రో చూచి, ఇది మంచి పద్ధతి కాదు, నీవును నలిగిపోవుదువు, ప్రజలును నలిగిపోవుదురు అను అర్థముతో మందలించెను (నిర్గమ 18). మామగారి మాట వినిన అల్లుడు అరుదు; మోషే వినెను. అయినను సంఖ్యాకాండము 11లో మరల బరువు పెరిగి, ఇంతకంటె నన్ను చంపుమని దేవునితో అనెను. అప్పుడు దేవుడు డెబ్బదిమంది పెద్దలను ఇచ్చెను. మందలించుటకు కాదు, మోయుటకు. ఒక పాస్టరు ఏడెనిమిది గ్రామముల సంఘములను సైకిలు మోటారుమీద తిరుగుచు, పెండ్లిండ్లు, సమాధులు, తగవులు అన్నియు తానే మోయుచున్న చోట సంఘపెద్దలు ఈ అధ్యాయమును రెండుసార్లు చదువుదురుగాక. పాస్టరమ్మగారిని ఎవరును అడుగరు, ఆమెను కూడ అడుగుడి.

కలిసి మోయుటకు మన ఎమ్మిగనూరే ఒక ఉదాహరణము. అక్కడి నేతగాండ్లు నూలుకు, అప్పుకు, అమ్మకమునకు షావుకార్లమీద ఆధారపడి ఒంటరిగా నలుగుచున్న కాలములో, 1938లో, మాచాని సోమప్పగారు వారిని కూడగట్టి సహకార సంఘమును స్థాపించిరి. నూలు సంఘము ఇచ్చును, బట్టను సంఘము కొనును. మగ్గముమీద చేయి అదే, కష్టము అదే. రేపు బట్ట అమ్ముడుపోవునో లేదో అను రాత్రి దిగులు మాత్రము ఒక్కని తలమీద లేదు. ఆ సంఘమునకు పూర్వపు వైభవము నేడు లేదు. చేనేత అంతట చితికినది. అయినను ఆ ఊరి పెద్దతరమువారు దానినిగూర్చి చెప్పునప్పుడు లాభముకంటె ధైర్యమునుగూర్చియే ఎక్కువ చెప్పుదురు.

ఇక ఆచరణలో. సుగ్గికి పోవువారిని మనము ఏలాగు పంపుచున్నాము? వారు తెల్లవారుజామున పోయిరని ఆదివారము నాడు తెలిసికొనుట కాక, పోవుటకు ముందు ఒక సాయంకాలము గుడిలో వారికై ప్రార్థన జరుగవచ్చును. ఎవరు ఏ ఊరికి, ఏ మేస్త్రితో పోయిరో ఒక పుస్తకములో వ్రాసికొనవచ్చును. పిల్లలను ఇక్కడనే బడిలో ఉంచి పోవు తల్లికి, వారమునకొకసారి పిల్లవానిచేత ఫోనులో మాట్లాడించు బాధ్యత ఒక కుటుంబము తీసికొనవచ్చును. వలసపోయినవారి పిల్లలకొరకు ప్రభుత్వము తెరచు సీజనల్ హాస్టళ్ళ సంగతి ముందుగా విచారించి తల్లిదండ్రులకు తెలుపవచ్చును. పోయినచోట పదిమంది మనవారున్నప్పుడు చేనిగట్టునే ఆదివారపు సాయంకాలము ఒక కీర్తన పాడుకొనుడి. ప్రసంగము లేకపోయినను ఫరవాలేదు. వారు తిరిగివచ్చిన తరువాత మొదటి ఆదివారమే కోతపండుగ కానుకల చీటీ చేతిలో పెట్టవద్దని కోశాధికారులకు మా మనవి. ఆ దినమున ఒక పూట భోజనము పెట్టుడి. రొట్టె మొదట.

విశ్రాంతిదినమునుగూర్చి ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయము ఇచ్చు కారణమును మన కుటుంబ యజమానులు చూడవలెను. నీ దాసుడును నీ దాసియు నీవలెనే విశ్రమింపవలెను, నీవును ఐగుప్తులో దాసుడవైయుంటివి అను భావము అక్కడ ఉన్నది. ఆదివారము గుడికి వచ్చి, ఇంటిలో భార్యచేత మూడు పూటల వంట చేయించి, సేద్యగానిని చేలోనికి పంపువాడు విశ్రాంతిదినమును ఆచరించినట్లు కాదు. మార్కు 6:31లో ప్రభువు తన శిష్యులకు భోజనము చేయుటకైనను తీరిక లేకపోవుట చూచి, ఏకాంతమునకు పోయి కొంచెముసేపు అలసట తీర్చుకొనుడని పిలిచెను. వారు చేయుచున్నది ప్రభువు పనియే. అయినను పిలిచెను.

చివరిగా, భారమైన సంగతి. మనలో కొందరు ఏలీయావలె చావు కోరుకొందురు. అప్పు, కూలిపోయిన పంట, ఇంటిలో గొడవ, మనస్సులోని చీకటి, అన్నియు కలిసి వచ్చును. అట్టివాడు ఒక మాట జారవిడిచినప్పుడు, పాపము, అట్లనకూడదు అని నోరు మూయింపకుడి. నీకు చచ్చిపోవలెనని అనిపించుచున్నదా అని నెమ్మదిగా, సూటిగా అడుగుడి. అడిగినందున ఆ తలంపు పుట్టదని వైద్యులు చెప్పుచున్నారు. అడుగువాడు దొరికినందున అనేకులకు బరువు తగ్గును. అతనిని ఒంటరిగా విడువకుడి. పురుగుమందు డబ్బా ఇంటిలో నుండకుండ తీసివేయుడి. వాక్యముతోపాటు వైద్యుని యొద్దకు తోడుగా పొండు. కాలు విరిగినవానిని ఆసుపత్రికి తీసికొనిపోవుట అవిశ్వాసమని మనము అనుకొనము గదా. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము టెలిమానస్ అను ఉచిత ఫోను సేవను ఆరంభించినది. 14416 అను నంబరుకు రాత్రియైనను పగలైనను పిలువవచ్చును, తెలుగులోనే మాట్లాడుదురు. పోలీసు కేసగునను భయముతో కొన్ని కుటుంబములు దాచుచున్నవి. 2017వ సంవత్సరపు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ప్రకారము, ప్రాణము తీసికొనబోయినవాడు తీవ్రమైన ఒత్తిడిలో నున్నవాడని ఎంచవలెనేగాని శిక్షింపకూడదు. అతనికి చికిత్స, ఆదరణ కలుగజేయు బాధ్యత ప్రభుత్వముది. ఈ నంబరును గుడి గోడమీద, బడి ప్రక్కన, పెద్ద అక్షరములతో వ్రాయించుడి. సంఘకాపరికి గాని సంఘపెద్దలకు గాని ఇందుకు ఎవరి అనుమతియు అక్కరలేదు.

కూటములలో మాట్లాడుకొనుటకు: ఐగుప్తులో ప్రజలు వాగ్దానమును వినలేకపోయినప్పుడు మోషేకు ఏమనిపించియుండును? మీ పనిచోట గడ్డి ఇయ్యక ఇటుకల లెక్క అడుగునది ఎవరు, ఆ మాట ఎవరితో చెప్పవచ్చును? మీరే యజమానులైనచో, మీరు చేలోనికి అడుగుపెట్టినప్పుడు కూలివారి ముఖములు ఏలాగు మారుచున్నవి? ఈ యేడు మీ సంఘమునుండి సుగ్గికి పోయినవారి పేర్లు ఎన్ని చెప్పగలరు? పేర్లన్నియు వ్రాసిన తరువాత, ఒక్కొక్క పేరును ఎవరు తీసికొందురో ఆ రాత్రియే నిర్ణయించుకొని, మరునాడు ఫోను చేయుడి.